‘చూడ చూడ రుచుల జాడ వేరు’: ఈ చూడడం కంటితోనా, నాలుకతోనా?

కాట్రేనికోన అమ్మాయి:
అందరికీ నమస్కారం. వేమన పద్యం ఒకటి కొన్నాళ్ళుగా వదలడం లేదు. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ వరకు ఇబ్బంది లేదు. రెండో పాదం మా అమ్మమ్మ ‘చూడఁ జూడ’ అనేది, బళ్ళో మాకు ‘చూడ చూడ’ అని చెప్పారు. పాఠం ఏదైనా, అర్థం ఏమిటండీ? చూడగా చూడగా అనా, రుచి చూడగా అనా?

నేను అరబిడాప్సిస్ అనే ఆవ కుటుంబపు చిన్న మొక్క మీద పని చేస్తున్నాను. అందులో కాల్షియాన్ని పసిగట్టే ప్రొటీన్ల కుటుంబం ఒకటుంది, సీబీఎల్ అంటారు. మొత్తం 10 జన్యువులు. అన్నిటిలోనూ కాల్షియాన్ని పట్టుకునే ఈఎఫ్-హ్యాండ్ మడతలు నాలుగు. మామూలుగా ఆ మడతలోని మెలికకు 12 అమైనో ఆమ్లాలుంటాయి, వీటి మొదటి మడతలో మాత్రం 14. ఆ తేడా కూడా కుటుంబమంతటికీ ఒకటే! పనుల దగ్గరికొచ్చేసరికి ఎవరి దారి వాళ్ళది. వీటి గురించి మా ఊరివాళ్ళ కోసం తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. దానికి ఈ పాదమే పేరు పెట్టాలని ఉంది. అర్థం తేలకుండా పెట్టడం ఇష్టం లేదు.

నరసాపురం మాస్టారు:
అమ్మాయ్, మీ అమ్మమ్మగారి పాఠమే నిలుస్తుంది. ‘చూడన్’ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, దాని మీది చకారం జకారం కావలసిందే. పిల్లల నోటికి తేలికని ‘చూడ చూడ’ అచ్చు వేసి ఉంటారు. గణాలకు నష్టం లేదు, ఐదూ సూర్యగణాలే. ఇక అర్థం. ‘అనగననగ రాగమతిశయిల్లుచునుండు, తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నదీ ఈయనే కదా. అక్కడ ఆ జంట మాటలు ఎందుకు పడ్డాయో ఇక్కడా అందుకే పడ్డాయి. మళ్ళీ మళ్ళీ చూస్తే తేడా బయటపడుతుంది. కంటిచూపే.

అమలాపురం లెక్చరర్:
మాస్టారూ, కంటిచూపే అయితే ‘రుచుల’ ఎందుకండీ? పొయ్యి మీద పులుసు మరుగుతుంటే మన ఇళ్ళల్లో ‘ఉప్పు చూశావా?’ అంటారు. గరిటెలోంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలిక్కి తగిలిస్తారు. అదీ చూడడం. పైగా ఇక్కడి కప్పురం చక్రపొంగలిలో వేసే పచ్చకర్పూరం అనుకుంటాను. కళ్ళుప్పు పక్కన దాని పలుకు పెట్టండి, కంటికి ఎంతసేపు చూసినా ఒకటే.

నరసాపురం మాస్టారు:
నాలుకే ఉద్దేశమైతే, వేము దగ్గర ‘తినగ’ అన్న మనిషి ఇక్కడా ‘తినగ తినగ’ అనడా? అదీ సూర్యగణమే, చక్కగా పడుతుంది.

అమలాపురం లెక్చరర్:
గణం పడుతుంది, యతి పడదు. చూడ–జాడ రెండిట్లోనూ రెండో అక్షరం ‘డ’ కలిసే ప్రాసయతి మీద నిలబడ్డ పాదం అది. ‘తినగ’ పెడితే జాడకు జత ఏదండీ? వేమనకు ఛందస్సు పట్టలేదనే వాళ్ళు ఈ ఒక్క పాదం చాలు, కళ్ళు తెరవడానికి. ఒక్క ‘చూడ’తో యతి, వంటింటి పలుకుబడి, మాటను రెండుసార్లు పలికే ఆమ్రేడితం మూడూ సాధించాడు. ఆయన మీద నాకున్న ప్రేమంతా ఇలాంటి చోట్లే.

రాజోలు రైతు:
పద్యం పెద్దలు తేలుస్తారు. అమ్మా, ఆ పదింట్లో ఉప్పు సంగతి చూసేది ఏది? వేసవిలో కాలువలు కట్టేశాక సముద్రపు పోటు మా మురుగు కాలువల్లోకి ఎదురెక్కుతుంది. దాళ్వా చేలో ఆకు కొసలు తెల్లబడి ఎండుతాయి. తెగులో, ఉప్పో గట్టు మీద నుంచి చెప్పలేం. కాలువ నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మితే తెలిసిపోతుంది. నా ఓటు నాలుకకే.

కాట్రేనికోన అమ్మాయి:
సీబీఎల్4 అండీ. దానికే ఎస్ఓఎస్3 అని ఇంకో పేరు. ఉప్పును అసలు తట్టుకోలేని మొక్కల్ని ఏరి, వాటిలో చెడిన జన్యువు ఏదో వెతికితే దొరికింది, ఆ వివరం 1998లో అచ్చయింది. సోడియం ఎక్కువైతే కణంలో కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది. దాన్ని సీబీఎల్4 పట్టుకుని సీఐపీకే24 అనే ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము కణం పొరలో ఉన్న ఎస్ఓఎస్1 అనే ప్రొటీనుకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. అప్పుడు ఎస్ఓఎస్1 సోడియాన్ని బయటికి తోస్తుంది. వేళ్ళలో ఈ పని ముఖ్యంగా సీబీఎల్4ది, పైన ఆకుల వైపు సీబీఎల్10ది. సీబీఎల్4 చెడిన మొక్క మామూలు అగార్ (ప్రయోగశాలలో మొక్కలు పెంచే జెల్లీ) మీద అన్నిటిలాగే పెరుగుతుంది. అగార్‌లో ఉప్పు కలిపితే చాలు, దాని వేరు సాగదు. వరిలో కూడా సీబీఎల్‌లు 10 ఉన్నాయి. వరి సీబీఎల్4ని అరబిడాప్సిస్ సీఐపీకే24తో జత కట్టినా పని జరిగింది.

రాజోలు రైతు:
మేం చౌడుకు జిప్సం వేస్తాం. అదీ కాల్షియమే కదమ్మా, అదీ ఇదీ ఒకటేనా?

కాట్రేనికోన అమ్మాయి:
కాదండీ. జిప్సంలో కాల్షియం మట్టి రేణువుల్ని అంటుకున్న సోడియాన్ని తప్పించి ఆ చోట కూర్చుంటుంది. తప్పించిన సోడియాన్ని మంచినీళ్ళు పెట్టి కిందికి కడగాలి. నేను చెప్పేది కణం లోపల కబురు మోసే కాల్షియం.

పెనుగొండ పాఠకుడు:
‘చూడ’ దగ్గరే ఆగిపోయారు. అసలు గుట్టు ‘వేరు’లో ఉంది. అమ్మాయి చెప్పిన సీబీఎల్4 పని వేరులో. వేమన పాదం ఆగింది వేరు మీద. అది మూలం అనే అర్థాన్ని కూడా ఉద్దేశించి వేసిన మాటని నా గట్టి నమ్మకం. రుచి జాడ మూలంలోనే దొరుకుతుంది.

నరసాపురం మాస్టారు:
మూడో పాదం మరిచారు. ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’ అన్న చోట మూలం ఎలా పొసుగుతుంది? రెండు చోట్లా ఒకే మాట, ఒకే అర్థం. శ్లేష లేదు.

పెనుగొండ పాఠకుడు:
పుణ్యపురుషులే లోకానికి మూలం. పొసగకేం?

అమలాపురం లెక్చరర్:
అది లాగి అతికించడం అవుతుందండీ. అమ్మాయ్, నాకో సందేహం. మీ పదీ నిజంగా దేనికదేనా? రెండు కలిసి ఒకే పని చేస్తుంటే పద్యం వాటికి వర్తించదు.

కాట్రేనికోన అమ్మాయి:
సరిగ్గా అక్కడే నేనూ ఆగానండీ. సీబీఎల్1, సీబీఎల్9 బాగా దగ్గరివి. పొటాషియం తక్కువున్నప్పుడు రెండూ సీఐపీకే23 అనే ఎంజైమును లేపి, పొటాషియం లోపలికి వచ్చే ఏకేటీ1 అనే దారి తెరిపిస్తాయి. వాటిలో ఒక్కటి తీసేస్తే మొక్కకు ఏమీ కాదు, రెండూ తీసేస్తేనే నీరసిస్తుంది. అదే మొలకెత్తే గింజకు అబ్సిసిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను ఇస్తే సీబీఎల్9 లేనిది ఒక్కటే మరీ ఎక్కువగా బెదురుతుంది. ఒక పరీక్షలో ఒకే రుచి, ఇంకో పరీక్షలో వేరు రుచి. అందుకే జన్యువుల అక్షరాలు చదివి తేల్చేశామంటే ఒప్పుకోబుద్ధి కాదు. ఒక్కోదాన్నీ తీసి, ఉప్పులో, కరువులో పెట్టి చూడాలి.

నరసాపురం మాస్టారు:
ఒక్కసారి పెట్టి చూస్తే సరిపోలేదు కదా, మళ్ళీ మళ్ళీ చూశారు. నేను చెప్పిన ఆమ్రేడితం అదే!

అమలాపురం లెక్చరర్:
చూసింది కంటితో కాదు, ఉప్పులో పెట్టి. నేను చెప్పిన రుచి అదే!

పెనుగొండ పాఠకుడు:
బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన వేమన పద్యాలు ఎవరి దగ్గరైనా ఉంటే, ఈ పద్యం అందులో ఉందేమో చూసి పేజీ ఫొటో పెట్టండి. ‘చూడ’నా ‘జూడ’నా అన్నది ముందు చూద్దాం. ‘జాడ’ మీద నాకు ఇంకా చాలా ఉంది, రాత్రికి రాస్తాను.