చెట్ బేకర్ గొంతు, ట్రంపెట్ అంతలా ఎలా మారిపోయాయి?

ప్రశ్న: రాత్రి అమెరికన్ జాజ్ గాయకుడు, ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ 1950ల రికార్డింగ్ ఒకటి, చివరి రోజులది ఒకటి వరసగా విన్నాను. ఒక్క మనిషేనా అనిపించింది. మధ్యలో ఏమైందండీ?

జవాబు: హెరాయిన్. 1952లో శాక్సాఫోన్ వాద్యకారుడు జెర్రీ మల్లిగన్ క్వార్టెట్‌లో (నలుగురి బృందంలో), పియానో కూడా లేకుండా, వాయించి కుర్రాడిగానే పేరు తెచ్చుకున్నాడు. ఆ మత్తు వల్లే 1960లలో ఇటలీ జైల్లో ఏడాది దాటి ఉన్నాడు, 1966లో కాలిఫోర్నియాలో ఆయన్ని కొట్టారు, పళ్లు దెబ్బతిన్నాయి.

జవాబు: నేను కొన్నాళ్లు ట్రంపెట్ నేర్చుకున్నాను. మౌత్‌పీస్ పెదవుల మీద ఆనుతుంది, వాటి వెనక ముందు పళ్లే ఆసరా. కట్టుడు పళ్లతో ఆయన మొదటినుంచి నేర్చుకుని 1973లో న్యూయార్క్‌లో మళ్లీ వేదికెక్కాడంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ చివరి రికార్డింగ్‌లో ఊపిరి వినండి, స్వరం కంటే ముందు గాలి వినిపిస్తుంది.

జవాబు: 1988 మే 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. 58 ఏళ్లే.