సమస్య: ‘వంక లేక యూరు వన్నె దప్పె’

నిర్వాహకుడు: ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఈ వారం ఛందస్సు ఆటవెలది. దోషం లేకపోతే ఊరు వన్నె తప్పడమేమిటి? వంకకు అర్థాలు చాలానే ఉన్నాయి, వెతుక్కోండి. పల్నాటి చంద్రవంక పరిసరాలు దాటవద్దు.

పైరగాలి:
చెన్నకేశవు గుడి చెంత పారెడి నీరు
చంద్రవంక పేర జనులఁ దనిపె;
మండు వేసవి కది యెండి బీటలు వారె,
వంక లేక యూరు వన్నె దప్పె.

నిర్వాహకుడు: వంక అంటే వాగు. అందరికీ ముందు తట్టేది అదే. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ రావడం యతి; దాని బదులు రెండో అక్షరం కలిపిన ‘మండు–యెండి’ ప్రాసయతి బాగుంది. కానీ మూడో పాదంలో ‘అది’ ఏది? పైనున్న నీరే కదా! నీరు ఇంకుతుంది, బీటలు వారేది నేల. ‘మండు వేసవికిని మడుగు లన్నియు నింకె’ అనండి, యతీ నిలుస్తుంది.

పైరగాలి: సవరించుకున్నానండి. మాచర్ల గుడి దగ్గర నిలబడి నేలనే చూశాను, రాసేటప్పుడు నీరు అడ్డొచ్చింది.

పాతబడి పంతులు:
కోడిపోరు నోడి వీడిరి మాచర్ల
బ్రహ్మనాయు డతని బలగ మెల్ల;
తప్పు లేని వీధి తలుపులు మూసెను,
వంక లేక యూరు వన్నె దప్పె.

నిర్వాహకుడు: భలే! వంకను దోషంగానే ఉంచి గెలిచారు. కారంపూడి యుద్ధం దాకా వెళ్లి ఉంటే అక్కడి వాగు నాగులేట్లో పడేవారు, సరైన చోట ఆగారు. ఒక్కటే లోపం: ‘తప్పు లేని’ అని ముందే చెప్పేస్తే నాలుగో పాదానికి మిగిలేదేమిటి? ‘దారి చూచి చూచి తలుపులు మూసెను’ అంటే?

పాతబడి పంతులు: నా పద్యం కంటే మీ పాదమే బాగుంది, తీసుకుంటున్నాను.

పిల్లకాలువ:
ఎత్తిపోతలందు నెగిరి కృష్ణను జేరె
ముసలి మొసలి చూడ మురిసి యురికి;
ఉన్న నీరు కాస్త యూరు దాటిన వెంట
వంక లేక యూరు వన్నె దప్పె.

పాతబడి పంతులు: ఎత్తిపోతల జలపాతం దగ్గరి మొసళ్ల పెంపక కేంద్రాన్ని పద్యంలోకి తెచ్చినందుకు దండం! కానీ సుమారు 70 అడుగుల కిందికి పడే నీరు ‘ఎగరడం’ ఏమిటమ్మా? యతి కోసమేనా?

పిల్లకాలువ: యతి కోసమే మొదలుపెట్టాను మాస్టారూ. కానీ వర్షాకాలంలో చూడండి. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి వచ్చిన నీరు బండ అంచు దగ్గర తిన్నగా జారదు, ముందుకు ఎగిరే పడుతుంది. ఆ తుంపర మన కళ్లద్దాల మీదికి వస్తుంది.

నిర్వాహకుడు: ‘ఎగిరి’ ఉంచేద్దాం. నీళ్లను పైకి తోడేదీ ఎత్తిపోతలే, ఇక్కడ కిందికి దూకేదీ ఎత్తిపోతలే. నాకు అభ్యంతరమల్లా ‘ఊరు’ రెండు పాదాల్లోనూ రావడం. మూడో పాదం మార్చి రేపటికి పంపండి.