ఎల్యుమినా క్రూసిబుల్‌కు పట్టిన ఎర్ర మరక వదలడం లేదు. ఆక్వా రీజియా వాడొచ్చా?

ఫెర్రైట్_పౌడర్:
అందరికీ నమస్కారం. ఫెర్రైట్ (ఇనుము ఆక్సైడ్ ఉండే పదార్థం) పౌడర్‌ని 1200 డిగ్రీల దగ్గర కాల్చాక ఎల్యుమినా (అల్యూమినియం ఆక్సైడ్) క్రూసిబుల్ (ఎక్కువ వేడికి వాడే గిన్నె) అడుగున ఎర్రటి మరక ఉండిపోయింది. సబ్బుతో, బ్రష్‌తో ఎంత తోమినా కదల్లేదు. ల్యాబ్‌లో ఉన్న ప్లాటినం క్రూసిబుల్ కూడా లోపల మసకబారింది, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలున్నాయి. రెండింటినీ ఆక్వా రీజియాలో (హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆసిడ్‌ల మిశ్రమం) నానబెట్టేయమని ఒక సీనియర్ చెప్పారు. ప్లాటినం ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

కొలిమి_గది:
ముందు ప్లాటినాన్ని ఆ బీకర్‌కి దూరంగా పెట్టండి. ఆక్వా రీజియాలో ప్లాటినం కరిగిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఒక్కటే అయితే పర్వాలేదు, నైట్రిక్ ఒక్కటే అయినా పర్వాలేదు, రెండూ కలవకూడదు. ఒక ఆసిడ్‌లోంచి తీసి సరిగ్గా కడక్కుండా రెండోదాంట్లో వేయడం కూడా వద్దు.

ప్లాటినానికి నేను నమ్మేది పొటాషియం బైసల్ఫేట్ అనే లవణం. క్రూసిబుల్‌లో మూడో వంతు దాకా వేసి, ఫ్యూమ్ హుడ్‌లో (పొగల్ని బయటికి లాగేసే అర) సన్నటి సెగ మీద పెట్టండి. మొదట్లో నీరు పోతూ చిటపటలాడుతుంది, కాబట్టి తొందరపడి మంట పెంచొద్దు. కరిగి నిలకడగా అయ్యాక టాంగ్స్‌తో మెల్లగా తిప్పుతూ ఆ ద్రవం గోడలన్నిటికీ తగిలేలా చూడండి. ఇనుము ఉంటే ద్రవం పసుపు పచ్చగా మారుతుంది. చల్లారాక వేడినీళ్లలో కరిగించి పారబోసి, మళ్లీ కొత్త బైసల్ఫేట్ వేయండి. ఈసారి రంగు రాకపోతే అయిపోయినట్టే. తెల్లటి పొగ దట్టంగా లేస్తుంటే సెగ ఎక్కువైందన్నమాట. అలా చాలాసేపు కాలిస్తే కొద్దిగా ప్లాటినం కూడా పోతుంది.

ఆ తర్వాతా మసకగానే ఉంటే, గుండ్రటి రేణువులున్న మెత్తని సముద్రపు ఇసుకను తడిపి వేలితో రుద్దండి. పదునైన ఇసుక గీతలు పెడుతుంది. బర్నర్ మీద ఎప్పుడు వేడిచేసినా నీలి మంటే ఉండాలి. పొగచూరే పసుపు మంటలో పెడితే ప్లాటినం పెళుసై పగులుతుంది. సీసం, తగరం, ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఉన్న శాంపిల్స్ అసలు అందులో వేయకండి. ఎర్రగా కాలిన క్రూసిబుల్‌ని మామూలు ఇనప టాంగ్స్‌తో పట్టుకోవద్దు, కొసలకు ప్లాటినం తొడిగినవి వాడాలి.

ఇక ఎల్యుమినా. దానికి బైసల్ఫేట్ వద్దు, కరిగిన బైసల్ఫేట్ ఎల్యుమినాని కూడా తింటుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ని గోరువెచ్చగా చేసి రాత్రంతా ఉంచండి. ఆక్వా రీజియా అయినా ఎల్యుమినాకి హాని లేదు కానీ, ఇనుము మరకకి అంత అవసరం లేదు.

ఫెర్రైట్_పౌడర్:
చాలా థాంక్స్ అండి. ఎల్యుమినాని ఆసిడ్‌లో రాత్రంతా ఉంచాను. ఆసిడ్ పసుపు పచ్చగా మారింది, మరక చాలావరకు తగ్గింది, లేత గులాబీ రంగు మాత్రం మిగిలింది. స్పాచులాతో గీకనా?

కొలిమి_గది:
వద్దండి. ఆ వేడికి కొంత ఇనుము ఎల్యుమినా రేణువుల్లోకే చేరిపోయింది, గీకితే పగుళ్లు తప్ప ఏమీ రాదు. పింగాణీ క్రూసిబుల్స్ మీద ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో నంబరు రాసి కాల్చేదీ ఇందుకే, ఇనుము రంగు చెరగదు. దీన్ని ఇకమీద ఫెర్రైట్లకే కేటాయించండి. ఇనుము లేని శాంపిల్‌కి మాత్రం వాడకండి, ఎంత తెల్లగా కనిపించినా సరే.

ఆసిడ్_బీరువా:
ఒక్క మాట కలుపుతాను. వేరే పనికి ఆక్వా రీజియా చేసుకున్నా మూత బిగించిన సీసాలో దాచకండి, గ్యాస్ వచ్చి పగులుతుంది. కడిగిన ఎల్యుమినాని తడితో ఫర్నేస్‌లో పెట్టొద్దు. ముందు 110 డిగ్రీల ఓవెన్‌లో బాగా ఆరనిచ్చి, తర్వాత నిమిషానికి 3 నుంచి 5 డిగ్రీల చొప్పున వేడి పెంచండి. దించేటప్పుడూ అంతే నిదానం. పగుళ్ల అనుమానం ఉంటే వేలిగోటితో తట్టి చూడండి. ఖంగుమంటే బాగున్నట్టు, బొంగురుగా పలికితే పక్కన పెట్టేయండి.