సి డ్రైవ్‌ని ఫోన్ బ్యాకప్ మింగేస్తోంది, డి డ్రైవ్‌కి మార్చేదెలా?

ప్రశ్న: ఎర్రగీత

అందరికీ నమస్కారం. నాది 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న విండోస్ లాప్‌టాప్. విండోస్ లెక్కలో అది 237 జీబీయే అనుకోండి. లోపలే రెండో డ్రైవ్‌గా 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది, అందులో సగానికి పైగా ఖాళీ. సి డ్రైవ్ మాత్రం ఎప్పుడు చూసినా చోటు నిండిందని చెప్పే ఎర్రగీతే. పోయిన నెల ఖాళీ 6 జీబీకి దిగేసరికి ఇక లాభం లేదని ఒక్కో ఫోల్డర్ సైజు చూసుకుంటూ పోయాను. దాచి ఉన్న యాప్‌డేటా ఫోల్డర్ లోపల్లోపల ఎక్కడో 94 జీబీ దొరికింది. ఐఫోన్‌ని కంప్యూటర్‌తో కలిపే ఐట్యూన్స్ ప్రోగ్రాము తీసిన బ్యాకప్‌లు. రెండు ఫోల్డర్లు, పేర్లు చూస్తే ఎవరో కళ్లు మూసుకుని కీబోర్డు నొక్కినట్టున్నాయి. 58 జీబీది ఇప్పటి ఫోన్‌ది, 36 జీబీది పాత ఫోన్‌ది.

పాతది తీసేయమని మాత్రం చెప్పకండి. ఆ ఫోన్ నీళ్లలో పడి పోయింది. నాలుగేళ్ల సంగీతం క్లాసుల రికార్డింగులు వాయిస్ మెమోస్‌లో ఉండేవి, ఇప్పుడవి ఆ బ్యాకప్‌లో తప్ప ఎక్కడా లేవు. మా టీచర్‌గారు పాఠాలు చెప్పడం మానేశారు, మళ్లీ పాడించుకునే వీలు లేదు.

నేను చేసిన ఘనకార్యం: బ్యాకప్ ఫోల్డర్‌ని కట్ చేసి డి డ్రైవ్‌లో పేస్ట్ చేశాను. సి లో దాని షార్ట్‌కట్ పెట్టి, దానికి బ్యాకప్ అనే పేరు పెట్టాను. తెలివైన పనే అనుకున్నాను. సంబరం రెండు రోజులే. ఫోన్ తగిలించగానే ఐట్యూన్స్ ఆ షార్ట్‌కట్ వంక చూడను కూడా చూడకుండా, దాని పక్కనే ఇంకో బ్యాకప్ ఫోల్డర్ తెరిచి మొత్తం 58 జీబీ మళ్లీ సి లోనే పోసింది. సెట్టింగ్స్‌లో చోటు మార్చే ఆప్షన్ ఎక్కడా కనపడలేదు. కమాండ్లంటే భయం, కానీ తప్పదంటే చేస్తాను.

జవాబు: మబ్బుపట్టిన

ఎందుకండీ ఇంత టెన్షన్? యాపిల్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్ ఐక్లౌడ్ పెట్టుకోండి, పాతది తీసేయండి.

ఎర్రగీత

పాతది తీసేయొద్దని రెండో పేరాలోనే రాశానండి. ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీ, నా బ్యాకప్ 58. నెలనెలా డబ్బు కట్టేకన్నా, ఖాళీగా పడున్న డిస్క్ వాడుకుందామనే ఈ ప్రశ్న.

జవాబు: స్క్రూడ్రైవర్

ఆ ఆప్షన్ మీకు కనపడకపోవడం కాదు, అసలు లేదు. ఐట్యూన్స్ ఎప్పుడూ ఒకే చోట వెతుకుతుంది. కాబట్టి ఐట్యూన్స్‌ని మార్చలేం, ఆ చోటునే మార్చాలి. దానికి విండోస్‌లో జంక్షన్ అని ఒకటుంది.

షార్ట్‌కట్ ఎందుకు పనిచేయలేదంటే, అది గుమ్మానికి అంటించిన చీటీ లాంటిది. "మేం ఫలానా ఇంటికి మారాం" అని రాసి ఉంటుంది, మనిషైతే చదువుకుని వెళ్తాడు. ప్రోగ్రాముకి అది ఒక చిన్న ఫైలు, అంతే. జంక్షన్ అంటే పోస్టాఫీసులోనే చిరునామా మార్పించుకోవడం. ఉత్తరం రాసేవాళ్లు పాత చిరునామాయే రాస్తారు, అది కొత్త ఇంటికి చేరుతుంది. ఐట్యూన్స్ సి లో రాస్తున్నాననే అనుకుంటుంది, బైట్లు మాత్రం డి లో పడతాయి.

మీ దగ్గర ఒక చిక్కుంది, ముందు అది విప్పాలి. ఇప్పటి ఫోన్ బ్యాకప్ మీకు రెండుసార్లు ఉంది, సి లో కొత్తది, డి లో పాతది. రెండు ఫోల్డర్లకీ పేరు ఒకటే, ఎందుకంటే ఆ పిచ్చి అక్షరాల పేరు ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య. ఒకదాని మీద ఒకటి పేస్ట్ చేస్తే విండోస్ "కలిపేయమంటారా" అని మర్యాదగా అడుగుతుంది. కలపకండి! పాత ఫైళ్లూ కొత్త ఫైళ్లూ కలిసిపోతే ఆ బ్యాకప్‌ని ఇక నమ్మలేం.

అందుకని, ఫోన్ పీకేసి ఐట్యూన్స్ మూసేసి, డి లో ఫోన్‌బ్యాకప్ అని కొత్త ఫోల్డర్ చేయండి. పాత ఫోన్ ఫోల్డర్‌ని (36 జీబీది) అందులోకి జరపండి. డి లోంచి డి లోకే కాబట్టి క్షణంలో అయిపోతుంది, డేటా కదలదు, చిరునామా ఒక్కటే మారుతుంది. తర్వాత సి లో ఉన్న కొత్త 58 జీబీ ఫోల్డర్‌ని అందులోకి కాపీ చేయండి. కట్ కాదు, కాపీ. ఇది మాత్రం గంటలు పట్టొచ్చు. బ్యాకప్ అంటే ఒక పెద్ద ఫైలు కాదు, లక్షకు పైగా చిన్న చిన్న ఫైళ్లు ఉండొచ్చు, హార్డ్ డిస్క్‌కి అవంటే నీరసం. అయ్యాక రెండు చోట్లా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య సరిపోయిందో లేదో చూడండి.

ఇప్పుడు సి లో బ్యాకప్ ఫోల్డర్ పేరుని పాత‌బ్యాకప్ అని మార్చండి, తీసేయకండి. మీరు పెట్టిన ఆ షార్ట్‌కట్‌ని మాత్రం తీసేయండి, అయోమయం తప్ప దాంతో ఉపయోగం లేదు. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. కమాండ్ పేరు ఎంకేలింక్, ఇంగ్లీషులో ఎం, కె, తర్వాత లింక్, అన్నీ కలిపి ఒకే మాట. దాని తర్వాత ఖాళీ వదిలి స్లాష్ జే, మళ్లీ ఖాళీ వదిలి కొటేషన్ గుర్తుల మధ్య సి లోని పాత చిరునామా, ఇంకో ఖాళీ వదిలి మళ్లీ కొటేషన్ గుర్తుల మధ్య డి లోని కొత్త చిరునామా. సి చిరునామాలో వచ్చే యాపిల్ కంప్యూటర్ అనే ఫోల్డర్ పేరులో మధ్యన ఖాళీ ఉంది కదా, కొటేషన్లు లేకపోతే కమాండ్ అక్కడ విరిగిపోతుంది. చిరునామాలు చేత్తో కొట్టకండి. సి చిరునామాకైతే ఎక్స్‌ప్లోరర్‌లో బ్యాకప్ ఫోల్డర్ ఉన్న మొబైల్‌సింక్ ఫోల్డర్ తెరిచి పైన అడ్రస్ బార్‌లోంచి కాపీ చేసుకుని, చివర బ్యాక్‌స్లాష్ పెట్టి ఇంగ్లీషులో బ్యాకప్ అని చేర్చండి.

ఐట్యూన్స్‌ని మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోంచి తీసుకున్నవాళ్లకి ఈ ఫోల్డర్ యాప్‌డేటాలో ఉండదు, యూజర్ ఫోల్డర్‌లోనే యాపిల్, దాంట్లో మొబైల్‌సింక్. మీకు యాప్‌డేటాలో దొరికిందంటే మీది యాపిల్ సైట్‌లోంచి దింపుకున్నది.

జవాబు: తెల్లకంప్యూటర్

మ్యాక్ వాళ్లెవరైనా ఈ దారిన వస్తే: 2019లో వచ్చిన కాటలీనా నుంచి ఐట్యూన్స్ లేదు, బ్యాకప్ పని ఫైండర్‌ది. ఫోల్డర్ హోమ్, లైబ్రరీ, అప్లికేషన్ సపోర్ట్, మొబైల్‌సింక్ వరుసలో ఉంటుంది. జంక్షన్ బదులు టెర్మినల్‌లో ఎల్ఎన్ మైనస్ ఎస్‌తో సింబాలిక్ లింక్ పెట్టాలి, ఇక్కడ వరస తిరగబడుతుంది, ముందు అసలు చోటు, తర్వాత లింకు. ప్రైవసీ సెట్టింగ్స్‌లో టెర్మినల్‌కి ఫుల్ డిస్క్ యాక్సెస్ ఇవ్వకపోతే ఆ ఫోల్డర్‌ని ముట్టుకోనివ్వదు. నేను దీని మీద ఒక సాయంత్రం తగలేశాను.

ఎర్రగీత

స్క్రూడ్రైవర్‌గారూ, పోస్టాఫీసు పోలికతో భయం సగం పోయింది. మిగతా సగం నిన్న రాత్రి పోయింది.

కాపీకి మూడు గంటల పైన పట్టింది. ఫైళ్ల సంఖ్య రెండు చోట్లా ఒకటే వచ్చింది. కమాండ్ కొట్టగానే ఎర్రటి అక్షరాల్లో అలాంటి కమాండే లేదంది. నాలుగుసార్లు స్పెల్లింగ్ చూసుకున్నాను. తీరా చూస్తే నేను తెరిచింది పవర్‌షెల్. రెండూ నల్ల కిటికీలే కదా, నాకేం తెలుసు!

సరైన కిటికీలో కొడితే ఇంకో గొడవ, ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉందట. పేరు మార్చిన గంటకి పొరపాటున ఐట్యూన్స్ తెరిచాను లెండి. అది బుద్ధిగా ఇంకో ఖాళీ బ్యాకప్ ఫోల్డర్ పెట్టేసింది. దాన్ని తీసేసి మళ్లీ కొడితే "జంక్షన్ క్రియేటెడ్" అని ఒక్క లైను. అంతేనా అనిపించింది.

ఐట్యూన్స్ ప్రిఫరెన్సెస్‌లో డివైజెస్ తెరిస్తే రెండు బ్యాకప్‌లూ కనిపించాయి, పాత ఫోన్ పేరుతో సహా. ఫోన్ తగిలించి బ్యాకప్ తీస్తే మార్పులు మాత్రమే వెళ్లాయి, డి లో ఫైళ్ల తేదీలు కూడా మారాయి. ఇక సి లో పాత‌బ్యాకప్ తీసేయొచ్చా?

స్క్రూడ్రైవర్

ఎంకేలింక్ కమాండ్ ప్రాంప్ట్ సొంత కమాండ్, పవర్‌షెల్‌కి తెలియదు. ముందే చెప్పాల్సింది, నాదే పొరపాటు.

తీసేయొచ్చు. అది రీసైకిల్ బిన్‌లోకి వెళ్తే, బిన్ కూడా ఖాళీ చేస్తేనే చోటు వస్తుంది. ఎప్పుడైనా జంక్షన్ వద్దనుకుంటే ఆర్ఎండైర్ కమాండ్‌తో లింకు మాత్రం తీయండి, డి లో డేటా అలాగే ఉంటుంది. స్లాష్ ఎస్ మాత్రం చేర్చకండి. పనిలో పనిగా యాప్‌డేటాలో రోమింగ్, యాపిల్ కంప్యూటర్, ఐట్యూన్స్ లోపల ఐఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్ అనే ఫోల్డర్ కూడా చూడండి. ఎప్పుడో దింపుకున్న అప్‌డేట్ ఫైలు ఉంటే ఒక్కొక్కటీ కొన్ని జీబీలు ఉంటుంది. అది నిర్భయంగా తీసేయొచ్చు, కావాలంటే మళ్లీ దిగుతుంది.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. మీరు చేసింది ఇల్లు మార్చడమే, రెండో ఇల్లు కట్టుకోవడం కాదు. పాత ఫోన్ బ్యాకప్ ఇప్పటికీ ఒక్కటే ఉంది, అదీ తిరిగే హార్డ్ డిస్క్ మీద. పైగా రికార్డింగులు బ్యాకప్ రూపంలో ఉంటే మీరు వినలేరు. లోపల ప్రతి ఫైలుకీ 40 అక్షరాల పేరు, ఏది ఏమిటో మ్యానిఫెస్ట్ డాట్ డీబీ అనే ఒక్క ఫైలుకే తెలుసు. బ్యాకప్‌లోంచి ఫైళ్లు బయటికి తీసే ప్రోగ్రాములు ఉన్నాయి, ఒకటి చూసుకుని వాయిస్ మెమోస్ బయటికి లాగండి. ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే తాళం వేసిన బ్యాకప్ అయితే పాస్‌వర్డ్ కావాలి. అది మరిచిపోతే ఆ బ్యాకప్‌ని తెరిపించే దారి లేదు.

జవాబు: కొత్తగా_చేరాను

నాకు రెండో డ్రైవ్ లోపల లేదు, యూఎస్‌బీ డిస్క్. ఇదే పద్ధతి పనిచేస్తుందా?

స్క్రూడ్రైవర్

చేస్తుంది. కాకపోతే ఐట్యూన్స్ తెరిచే ముందే డిస్క్ తగిలించాలి, లేకపోతే లింకు గాల్లోకి చూపిస్తుంది, బ్యాకప్ ఆగిపోతుంది. డిస్క్ అక్షరం ఇవాళ ఇ, రేపు ఎఫ్ కాకుండా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో వై లాంటి చివరి అక్షరం ఒకటి ఇచ్చేయండి. డిస్క్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఏ ఫైలూ పట్టదు. పొడుగాటి వీడియో ఒక్కటి ఉన్నా అక్కడే ఆగిపోతుంది. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లోకి మార్చుకోండి, మార్చే ముందు అందులో ఉన్నవి వేరే చోట పెట్టుకుని.

ఎర్రగీత

మూడు రోజుల తర్వాత వచ్చాను. సి లో ఇప్పుడు 104 జీబీ ఖాళీ, గీత నీలంగా ఉంది. ఈ పేరు మార్చుకోవాలేమో.

పాస్‌వర్డ్ మాటతో గుండె జారింది, ఎందుకంటే పాత ఫోన్‌కి పెట్టాను. పెట్టినట్టు గుర్తుంది గానీ ఏం పెట్టానో గుర్తులేదు. రోజంతా కుస్తీ పట్టాక, అప్పటి పాఠాల పుస్తకం అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకున్నది దొరికింది. రికార్డింగులు 212 వచ్చాయి. ఒక కాపీ డి లో, ఒకటి పెన్ డ్రైవ్‌లో పెట్టాను, మూడోది మా క్లాసులో నాతోపాటు నేర్చుకున్నావిడకి పంపాను. మొదటి నెల రికార్డింగుల్లో టీచర్‌గారి గొంతు కన్నా నా దగ్గే ఎక్కువ ఉందని ఆవిడ ఫోన్ చేసి చెప్పింది.

డి లో పక్కన పెట్టిన ఇప్పటి ఫోన్ పాత కాపీ ఒకటి మిగిలింది, ఇంకోసారి బ్యాకప్ సరిగా అయ్యాక దాన్ని కూడా తీసేస్తాను.