నాజీజం పాఠం: "మేమైతే ఎదిరించేవాళ్లం సార్" దగ్గరే ఆగిపోతున్నారు

తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. 38 మంది, పీరియడ్ 40 నిమిషాలు. నాజీజం పాఠంలో తేదీలన్నీ అప్పజెబుతున్నారు. "మీరే అక్కడుంటే?" అంటే మాత్రం అందరూ ఒకే గొంతుతో "ఎదిరించేవాళ్లం సార్" అంటున్నారు. ఒక్కరూ తడబడటం లేదు. నా బెంగంతా అదే.

మొదట డిబేట్ పెట్టాను. నాజీల పక్షాన మాట్లాడాల్సిన జట్టు నోరు విప్పలేదు, బలవంతంగా మాట్లాడించడం తప్పనిపించి ఆపేశాను. తర్వాత రేడియో సంగతి చెప్పాను. నాజీలు తమ ప్రచారం కోసం 1933లోనే చవక రేడియోలు తెచ్చి జర్మన్ల ఇళ్లలోకి చేర్చారని, 1939 సెప్టెంబర్‌లో విదేశీ స్టేషన్లు వినడాన్ని నేరం చేశారని. ఆసక్తిగా విని, "వాళ్లు అమాయకులు సార్" అని తేల్చేశారు.

మూడోసారి, నాజీలను ఎదిరించిన జర్మన్ విద్యార్థిని సోఫీ షోల్ కథ. మ్యూనిక్ యూనివర్సిటీలో కరపత్రాలు పంచుతూ 1943 ఫిబ్రవరి 18న పట్టుబడింది. నాలుగు రోజులకే మరణశిక్ష అమలు చేశారు. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. కొందరు పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కానీ ఆమె కూడా చిన్నప్పుడు హిట్లర్ యువజన సంఘంలో ఉత్సాహంగా చేరిన పిల్లేనన్న మాట వాళ్లకు ఎక్కలేదు. నాకు ముఖ్యం అనిపించింది అదే. మర్నాడు మళ్లీ పాత జవాబే.

నిజం దాచి పిల్లల మీద ప్రయోగాలు చేయడం నాకు ఇష్టం లేదు. ఇంకా రెండు పీరియడ్లే ఉన్నాయి.

పిల్లలకు అబద్ధం చెప్పకుండా, "నేనూ నమ్మేసేవాణ్ణేమో" అని వాళ్లంతట వాళ్లే అనుకునేలా చేసిన కృత్యం ఏదైనా మీ క్లాసులో పనిచేసిందా?