బ్రెజిల్ బీఫ్‌కి కొత్త దేశం తలుపు తీయడానికి అన్నేళ్ళు ఎందుకు?

బొబ్బిలి కుర్రోడు:
విజయనగరంలో ఎంకామ్ చేస్తున్నా, సెమినార్‌కి బ్రెజిల్ బీఫ్ ఎగుమతులు తీసుకున్నా. 2025 మార్చిలో బ్రెజిల్ అధ్యక్షుడు లూలా హనోయ్ వెళ్ళినప్పుడు ఆ బీఫ్ కొనడానికి వియత్నాం సరేనంది. దానికి ముందే జపాన్ కూడా వెళ్ళాడు, అక్కడ మాత్రం నిపుణుల్ని పంపి చూస్తామన్న మాటే దక్కింది. కొనేవాడున్నాడు, అమ్మేవాడున్నాడు, మరి మధ్యలో అడ్డం ఏటి? సుంకాలేనా? మా సార్ 'నాన్ టారిఫ్ బ్యారియర్', అంటే సుంకం కాని అడ్డంకి, అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

పశువుల ఆసుపత్రి, ఆమదాలవలస:
సుంకం తర్వాతి మాట తమ్ముడూ, ముందు గాళికుంటు జబ్బు. మన గేదెకి నోట్లో, గిట్టల మధ్య పుళ్ళు లేచి సొంగ కారుస్తూ నిలబడితే పాలు పోయాయని ఏడుస్తాం, అంతవరకే మన బాధ. జబ్బు లేని దేశంలో అది అడుగుపెడితే మందలకి మందలే చంపాలి. 2010లో జపాన్‌లోని మియజాకిలో పశువులూ పందులూ కలిపి దాదాపు 3 లక్షలు పోయాయి, ఆ భయం వాళ్ళకి ఊరికే రాలేదు.

బ్రెజిల్‌లో గాళికుంటు చివరిసారి కనిపించింది 2006లో. టీకాలతో అదుపు చేసి, తర్వాత ఒక్కో రాష్ట్రంలో టీకాలు ఆపుకుంటూ వచ్చి, ఆపినా జబ్బు రాలేదని చూపించారు. టీకా లేకుండానే జబ్బు లేని దేశమని ప్యారిస్‌లోని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది 2025 మేలో. టీకా ఆపడం దేనికంటావా, టీకా వేసిన మందలో వైరస్ ఉన్నా పైకి తెలియకపోవచ్చు, కొనేవాడి అనుమానం అక్కడే.

టెక్కలి రొయ్య:
మన దేశం సంగతి కూడా ఒక స్లయిడ్‌లో పెట్టు. ఆవు మాంసం ఎగుమతి నిషేధం, మన నుంచి వెళ్ళేది ఎముక తీసిన గేదె మాంసం. గాళికుంటు ఉన్న దేశం కాబట్టి గ్రంథులు తీసేసి, చల్లగదిలో కనీసం 24 గంటలు ఉంచి, పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 కంటే దిగాకే ప్యాక్ చేస్తారు, ఆ పులుపుకి కండలో వైరస్ బతకదు. ఇండోనేషియా 2016లో మన సరుకు తీసుకోవడం మొదలుపెట్టింది. మనమీద ప్రేమేం కాదు, అక్కడ బీఫ్ ధర మండిపోతోంది, ఆస్ట్రేలియా ఒక్కదాని మీదే ఆధారపడటం వాళ్ళకి ఇష్టం లేదు. సైన్స్ ఎంత ఉన్నా అవతలివాడి అవసరం కూడా కలిసిరావాలి.

ఇంకో మాట, తలుపు తీసినా మాంసం తయారుచేసే ప్లాంట్ ప్లాంట్‌కీ విడిగా ఆమోదం కావాలి. తీసిన తలుపు మళ్ళీ పడొచ్చు కూడా. 2021 సెప్టెంబరులో బ్రెజిల్‌లో రెండు పిచ్చి ఆవు (మ్యాడ్ కౌ అనే మెదడు జబ్బు) కేసులు, అవీ ముసలి ఆవుల్లో దానంతటదే వచ్చే రకం, బయటపడితే ఒప్పందం ప్రకారం వాళ్ళే చైనాకి ఎగుమతి ఆపేశారు. మళ్ళీ మొదలైంది డిసెంబరులో. మా వైపు రొయ్యల వాళ్ళకి ఇదేం కొత్త కాదు, యాంటీబయోటిక్ ఆనవాలు దొరికితే కంటైనర్ వెనక్కే.

బొబ్బిలి కుర్రోడు:
థాంక్స్ అన్నా. అంటే మన దేశం కూడా టీకాలు ఆపేస్తే జపాన్ కొంటుందా?

పశువుల ఆసుపత్రి, ఆమదాలవలస:
అమ్మో, ఆ మాట మా డాక్టరుగారి ముందు అనకు! ముందు జబ్బు పోవాలి కదా. 2019లో కేంద్రం పెట్టిన కార్యక్రమంలో ఆరు నెలలకోసారి టీకా వేస్తున్నాం, 2030కి నిర్మూలించాలని లక్ష్యం. చెవికి 12 అంకెల పోగు కూడా వేస్తాం. వీలైతే ఒకసారి అలమండ సంతకో నారాయణవలస సంతకో వెళ్ళి, చేతులు మారిన గేదె పోగు నంబరు ఎవరి పేరు మీద ఉందో అడిగి చూడు. కొనే దేశం నుంచి వచ్చే ఆఫీసర్ అడిగేది కూడా అదే, ఈ పశువు ఎక్కడి నుంచి వచ్చింది అని.