మంచం మీదున్న నాన్నను చూసుకుంటూ ఉద్యోగం ఎలా నెట్టుకొస్తున్నారు?

నాన్నకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా సరిగ్గా రావట్లేదు. పుండ్లు పడకుండా 2 గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఎయిర్ బెడ్ వేశాం, అయినా తిప్పక తప్పదు. పొలమారకుండా కూర్చోబెట్టి నిదానంగా తినిపించాలి, ఒక్కో ముద్దకి ఎంతసేపు పడుతుందో చేసినవాళ్లకే తెలుసు.

ఇవన్నీ చేస్తూ ఇంటి నుంచే పని చేస్తున్నాను. మీటింగ్ మధ్యలో మ్యూట్ నొక్కి పరిగెత్తడం, రాత్రి అలారం పెట్టుకుని లేవడం, పొద్దున్నే ఏమీ జరగనట్టు మళ్లీ కెమెరా ముందు కూర్చోవడం. అన్నయ్య డబ్బు పంపుతాడు, కాదనను, కానీ డబ్బు వచ్చి డైపర్ మార్చదు కదా. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అన్నప్పుడు మాత్రం ఒళ్లు మండుతుంది.

అసలు అడగాలనుకున్నది ఇది. మేనేజర్‌కి పరిస్థితి మొత్తం చెప్పేయడం మంచిదేనా? చెబితే మంచి పనులన్నీ వేరేవాళ్లకి వెళ్లిపోతాయేమోనని టెన్షన్. మానేయమని సలహా ఇచ్చేవాళ్లకి కొదవలేదు, జీతం ఆగిపోతే మందులూ ఫిజియోథెరపీ ఎలా గడుస్తాయో ఒక్కరూ చెప్పరు. పని గంటలు తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆఫీసులో ఏమని అడిగారు, నోటిమాటగానా, మెయిల్‌లోనా? జీతంలో కోత ఎంత పడింది?

ఇంకోటి, మనిషిని ఒక పూటకే పెట్టుకోగలం. పగలు పెట్టుకుంటే పని సాగుతుంది, రాత్రి పెట్టుకుంటే నాకు నిద్ర దక్కుతుంది. మీరైతే ఏది ఎంచుకునేవారు?

ఓపిక పట్టమని మాత్రం రాయకండి, ప్లీజ్.